ముందు అమర్చిన బోర్డు, తర్వాతే టంకం

మా తెలుగు బడిలో ఈ ఏడాది పిల్లలకి ఎలక్ట్రానిక్స్ కూడా చెబుదామనుకున్నాం. కిట్ల దగ్గరికొచ్చేసరికి కమిటీ రెండు జట్లయింది. అన్నీ అమర్చి వచ్చే బోర్డులు కొందామని ఒకరు, పిల్లలే పార్టుల్ని టంకంతో (సోల్డరింగ్) అతుక్కోవాలని ఇంకొకరు. నాది రెండో జట్టే. అయినా మొదటి రోజు అమర్చిన బోర్డే ఇవ్వాలంటాను.

పోయినేడాది నా నిర్వాకం అలాంటిది మరి. మా అక్క కొడుకుతో ఎల్‌ఈడీ మిణుకుమనే కిట్ ఒకటి చేయించాను. రెండు గంటలు కష్టపడి స్విచ్ వేస్తే ఏదీ వెలగలేదు. పొడుగు కాలు ప్లస్ అని చెప్పడం మరిచింది నేనే. తిరగబడ్డ ఎల్‌ఈడీని ఊడదీయబోతే బోర్డు మీది రాగి పొర కూడా లేచొచ్చింది. "ఇక వద్దులే మామయ్యా" అన్నాడు వాడు. ఒక్కడితోనే ఇలా ఉంటే, ఇరవై మంది చేతుల్లో 350 డిగ్రీల సెల్సియస్ టంకం ఐరన్లంటే నాకు టెన్షనే.

బీబీసీ 2016లో బ్రిటన్ బడిపిల్లలకి ఉచితంగా పంచిన బుల్లి కంప్యూటర్ బోర్డు మైక్రోబిట్‌కి టంకంతో పనే లేదు. బటన్లు, 25 ఎల్‌ఈడీలు బోర్డు మీదే ఉంటాయి. మొదటి గంటలోనే ఏదో ఒకటి వెలుగుతుంది. కాకపోతే అది నేర్పేది ముఖ్యంగా కోడింగ్. ఎల్‌ఈడీకి కరెంటు తగ్గించే రెసిస్టర్ ఎందుకన్న ప్రశ్నే పిల్లలకి రాదు.

అదే 555 అనే టైమర్ చిప్పుతో మిణుకు సర్క్యూట్ కట్టించండి. అందులో ఛార్జ్ దాచుకునే పార్టు కెపాసిటర్. 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసి 100 మైక్రోఫారడ్లది పెడితే మిణుకు పదింతలు నెమ్మదిస్తుంది. ఆ తేడా కళ్లారా చూసిన పిల్లకి కెపాసిటర్ గురించి పాఠం చెప్పక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు ఏరుకున్న మా తరానికి ఈ సంగతి తెలుసు.

డబ్బు ఆదా అవుతుందని కిట్లు కొనే రోజులు పోయాయి. మిషిగన్‌కి చెందిన హీత్‌కిట్ అనే కిట్ల కంపెనీ 1947లో సిగ్నళ్లని తెర మీద చూపే ఆసిలోస్కోప్‌ కిట్‌తో మొదలుపెట్టి, 1992లో ఆ వ్యాపారమే మానుకుంది. ఫ్యాక్టరీలో తయారైనదే చవకయ్యాక ఇంట్లో కూర్చుని ఎవరు అతుకుతారు? ఇప్పుడు టంకం వేయించేది నేర్పడానికే, కాబట్టి హడావుడి అక్కర్లేదు.

కమిటీకి నా మాట ఇదీ: టంకం పని నెల తర్వాత, నలుగురేసి పిల్లలతో, ఒక్కో బల్ల దగ్గర ఒక పెద్దవాళ్లు. సీసం లేని టంకం కరగడానికి ఇంకాస్త వేడి కావాలి, అతకడమూ కష్టమే, అయినా పిల్లలకి అదే కొందాం. కళ్లద్దాలు, పొగ లాగే ఫ్యాను తప్పనిసరి. ఎల్‌ఈడీలు మాత్రం ఓ పాతిక ఎక్కువే తెప్పించండి.