రాతి పలక మీద పెసరట్టు: ఒక సమర్థన

మన పేటల్లో కొత్తగా తెరుస్తున్న రెస్టారెంట్ల మీద జనం ఊరికే నోరు పారేసుకుంటున్నారు. వెలుతురు లేదట, మాట వినపడదట, కడుపు నిండదట. ఇవి లోపాలా? డిజైనర్‌ని పెట్టి, డబ్బు పోసి మరీ చేయించుకున్న ఏర్పాట్లండీ!

చప్పుడు సంగతే చూడండి. పైన బోసి శ్లాబు, కింద పాలిష్ సిమెంటు, పక్కన నిలువెత్తు అద్దం. శబ్దాన్ని పీల్చుకోవడానికి ఒక్క కర్టెనైనా లేదు. దాంతో మీరు అరుస్తారు, మీకంటే గట్టిగా పక్క టేబుల్‌వాళ్ళు అరుస్తారు. గొంతులు ఎండుతాయి, మాక్‌టెయిల్స్ వస్తాయి. ఇంతకంటే శాస్త్రీయమైన వ్యాపారం ఉందా?

ఇక పెసరట్టు. పెనం మీంచి కరకరలాడుతూనే దిగుతుంది పాపం. లోపల వేడి ఉప్మా, కింద చల్లని రాతి పలక. ఆవిరి బయటికి పోయే దారి లేక అడుగున నీరై, ఫొటోలు పూర్తయ్యేసరికి అట్టు తడిగుడ్డవుతుంది. చిల్లుల జాలీ మీద పెడితే ఈ బాధ ఉండదు, కానీ జాలీ ఫొటోలో ఏం బాగుంటుంది? ఒక అట్టుకు రెండు చెంచాల అల్లప్పచ్చడైనా కావాలి. ఇక్కడ మూడు చుక్కలు పెడతారు. అడిగితే ఇంకో మూడు.

ఉలవచారు చిన్న గాజు గ్లాసులో వస్తుంది. రాత్రంతా నానిన ఉలవలను ఉడికించి, వంచిన కట్టులో చింతపండు పులుసు పోసి సన్నసెగ మీద గంటల తరబడి మరిగిస్తేగానీ చిక్కబడదు. అంత గ్యాస్ ఎవరు కాలుస్తారు? కార్న్‌ఫ్లోర్ ఉందిగా. అనుమానముంటే చల్లారనివ్వండి, జెల్లీలా గడ్డకడితే అదే.

నలుగురు కూర్చున్న టేబుల్‌కు స్టార్టర్‌లో మూడు ముక్కలో ఐదు ముక్కలో వస్తాయిగానీ నాలుగు రావు. ఆర్డరిచ్చే ముందే ఎన్నని అడగడం మర్యాదే. "వాటర్ ఏది సర్?" అన్నప్పుడు "మామూలువి" అనడమూ మర్యాదే.

చివరికి బిల్లు. తిన్నది 2,000 అయితే దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, అంటే 200. మొత్తం 2,200 మీద 5 శాతం జీఎస్టీ 110. వెరసి 2,310. సర్వీస్ ఛార్జిని అడక్కుండా బిల్లులో కలపకూడదని, దాన్ని కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ దాన్నే సమర్థించింది. కాబట్టి తీసేయమని నిస్సంకోచంగా అడగండి. "స్టాఫ్ కోసం సర్" అని మేనేజర్ దిగాలుగా చూస్తే, వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 గురించి అంతే దిగాలుగా గుర్తుచేయండి. 2,100 కట్టి లేవండి.

మిగిలిన 210లో ఒక యాభై మాత్రం కారు పార్క్ చేసిపెట్టే కుర్రాడి చేతిలో పెట్టండి. కారు తాళం ఇంకా అతని దగ్గరే ఉంది.