ఎర్రతోకల అసలు లెక్క

అమెరికా వైమానిక దళంలో కొత్తగా చేరినవారికి టెక్సస్‌లోని లాక్‌లాండ్ స్థావరంలో ప్రాథమిక శిక్షణ ఇస్తారు. ఆ పాఠాల్లో టస్కీగీ పైలట్ల, అంటే అమెరికా సైన్యంలోని తొలి నల్లజాతి పైలట్ల వీడియో ఒకటి ఉంది. 2025 జనవరిలో దాన్ని పక్కన పెట్టేశారు. వైవిధ్యం పేరిట నడిచే కార్యక్రమాలన్నీ ఆపాలంటూ కొత్త అధ్యక్షుడు సంతకం చేసి అప్పటికి వారం కూడా కాలేదు. దేశమంతా గగ్గోలు పుట్టింది, రక్షణ మంత్రి కలగజేసుకున్నారు, కొద్దిరోజుల్లోనే పాఠం తిరిగొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ ఆకాశంలో ప్రాణాలొడ్డిన ఆ పైలట్ల 332వ ఫైటర్ గ్రూప్ చరిత్రను ఒక ఉత్తర్వుకు బెదిరి అటకెక్కించబోవడం సిగ్గుచేటు. ఇందులో రెండో మాట లేదు.

అయితే ఆ పైలట్లకు అభిమానుల వల్ల జరుగుతున్న నష్టం కూడా ఒకటుంది. దాని గురించి ఎవరూ గగ్గోలు పెట్టడం లేదు. తోకలకు ఎర్రరంగు వేసిన వారి విమానాలు, అంటే ఎర్రతోకలు, బాంబర్లకు కాపలాగా వెళ్లినప్పుడు ఒక్క బాంబర్ కూడా శత్రు ఫైటర్లకు బలి కాలేదన్న కథ దశాబ్దాలుగా సన్మాన సభల్లో, వార్తల్లో, పిల్లల పుస్తకాల్లో తిరుగుతోంది. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. వారి కాపలాలో సాగిన దండయాత్రల్లో 27 బాంబర్లను జర్మన్ ఫైటర్లు కూల్చాయి. ఆ అంకెను దాచడం వారికి గౌరవం కాదని, బయటపెట్టి చెప్పడమే గౌరవమని మా అభిప్రాయం.

ఈ కథ ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1925కు వెళ్లాలి. ఆ ఏడు అమెరికా ఆర్మీ వార్ కాలేజీ ఒక నివేదిక తయారుచేసింది. నల్లజాతివారికి ధైర్యం తక్కువ, బుద్ధి తక్కువ, తెల్ల అధికారి చెప్పుచేతల్లో ఉంటేనే యుద్ధానికి పనికొస్తారన్నది దాని సారాంశం. శాస్త్రం ముసుగు వేసుకున్న తిట్ల పురాణం అది. కానీ సైన్యం దాన్నే ప్రామాణికంగా తీసుకుంది. 1941 దాకా అక్కడి సైనిక వైమానిక విభాగంలో నల్లజాతి పైలట్ ఒక్కడంటే ఒక్కడు లేడు.

తర్వాత ఈ పైలట్లకు నాయకుడైన నల్లజాతి యువకుడు బెంజమిన్ ఓ. డేవిస్ జూనియర్ 1932లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో చేరాడు. నాలుగేళ్లపాటు తోటి విద్యార్థులెవరూ ఆయనతో మాట్లాడలేదు. డ్యూటీకి సంబంధించిన ముక్క తప్ప పలకరింపు లేదు, గదిలో తోడు లేదు, భోజనాల బల్ల దగ్గరా అదే వెలి. విసిగి తనంతట తానే వెళ్లిపోతాడనుకున్నారు. ఆయన 1936లో 276 మందిలో 35వ స్థానంలో ఉత్తీర్ణుడై బయటికొచ్చాడు. పైలట్ కావాలని దరఖాస్తు పెడితే తిప్పి పంపారు. నల్లవాళ్ల స్క్వాడ్రన్ అంటూ ఏదీ లేదు కాబట్టి నల్ల పైలట్ అక్కర్లేదట. ఊరిబావి దగ్గర వెలి అంటే ఏమిటో తెలిసిన మన నేలమీద ఈ తర్కాన్ని ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

నల్లజాతి పత్రికలు, సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే 1941లో అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో శిక్షణ మొదలైంది. నల్లవాళ్ల కోసం విడిగా పెట్టిన స్థావరం అది. మొదటి బ్యాచ్‌లో 13 మంది చేరితే 1942 మార్చి 7న రెక్కల బ్యాడ్జీ అందుకున్నది డేవిస్‌తో కలిపి ఐదుగురు. 1946లో ఆ శిక్షణ ముగిసేసరికి 992 మంది పైలట్లు తయారయ్యారు. వారిలో 355 మంది ఫైటర్ పైలట్లుగా విదేశీ యుద్ధరంగానికి వెళ్లారు.

మొదట వెళ్లింది 99వ స్క్వాడ్రన్. 1943లో ఉత్తర ఆఫ్రికా చేరింది. జులై 2న సిసిలీ మీద చార్లెస్ హాల్ ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు. స్క్వాడ్రన్‌కు అదే తొలి విజయం. దానికి బహుమతిగా ఆయనకు దక్కింది చల్లటి కోకాకోలా సీసా ఒకటి. ఆ ఎండల్లో, ఆ యుద్ధంలో అది మామూలు సంగతి కాదు లెండి. రెండు నెలలు తిరిగేసరికి వారి మీద ఫిర్యాదు వెళ్లింది. వారు ఏ గ్రూప్‌తో కలిసి ఎగురుతున్నారో దాని కమాండర్ కల్నల్ విలియం మోమయర్, వీళ్లలో దూకుడు లేదు, గట్టి ఎదురుదాడి వస్తే చెదిరిపోతున్నారు అని రాశాడు. ఆ కాగితం పై అధికారుల ఆమోదముద్రలతో వాషింగ్టన్ దాకా పోయింది. స్క్వాడ్రన్‌ను యుద్ధరంగం నుంచి తప్పించి తీరప్రాంత గస్తీకి పరిమితం చేయాలన్నది అందులోని సిఫారసు.

డేవిస్ 1943 అక్టోబరులో యుద్ధశాఖ కమిటీ ముందు కూర్చుని జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆవేశపడలేదు, లెక్కలు తీశాడు. తన పైలట్లకు యుద్ధానుభవం ఉన్న సీనియర్ ఒక్కడు కూడా లేకుండా పంపారని, మనుషుల కొరతతో ఒక్కొక్కరు రోజుకు ఎన్నోసార్లు ఎగరాల్సి వచ్చిందని వివరించాడు. తర్వాత సైన్యమే అధ్యయనం చేయించుకుంటే, అదే రకం విమానాలు నడిపే తెల్ల స్క్వాడ్రన్లకు వీరు ఏమాత్రం తీసిపోరని తేలింది. ఆ అధ్యయనం పూర్తయ్యేలోపే 1944 జనవరి చివర్లో ఆంజియో మీద రెండు రోజుల్లో డజనుకు పైగా శత్రు విమానాలను కూల్చి 99వ స్క్వాడ్రన్ తన జవాబు తానే చెప్పుకుంది. మోమయర్‌కు ఈ నివేదిక వల్ల ఏ ఇబ్బందీ రాలేదు, 1967లో ఆయన నాలుగు నక్షత్రాల జనరల్ అయ్యాడు. డేవిస్ మూడు నక్షత్రాలతో 1970లో రిటైరయ్యాడు. నాలుగోది 1998లో, తన 85వ ఏట వచ్చింది.

1944 వేసవి నాటికి 99వ స్క్వాడ్రన్ కూడా కలిసి, డేవిస్ నాయకత్వంలో 332వ గ్రూప్ నాలుగు స్క్వాడ్రన్ల దండు అయింది. ఇటలీలో అడ్రియాటిక్ తీరాన ఉన్న రామిటెల్లి వారి స్థావరం. చిల్లులున్న ఇనుప రేకులు నేలమీద పరిచి రన్‌వే అన్నారు. ఏ గ్రూప్‌దో దూరం నుంచే తెలియాలని వారి ముస్టాంగ్ ఫైటర్ల తోకలకు ఎర్రరంగు వేశారు. బాంబర్లలోని సిబ్బంది వారిని ఆ రంగుతోనే గుర్తుపెట్టుకున్నారు.

కాపలా పని బయటికి కనిపించినంత సులువు కాదు. నిండా బాంబులతో బరువెక్కిన బాంబర్ నిదానంగా పోతుంది, ముస్టాంగ్‌కు ఆ నిదానం చేతకాదు. అందుకని దానికి పైన అటూ ఇటూ మెలికలు తిరుగుతూ గంటల తరబడి సాగాలి. రెక్కల కింద అదనపు పెట్రోలు ట్యాంకులుంటాయి. శత్రువు మీదికి రాగానే వాటిని జారవిడిస్తేనే విమానం తేలికై పోరాడగలుగుతుంది. అయితే తొందరపడి వదిలితే తిరిగి ఇల్లు చేరే దూరం తగ్గిపోతుంది. జర్మన్లు ఒకటి రెండు విమానాలను ఎరగా పంపేవారు. వాటి వెంట పడితే అసలు గుంపు ఇంకోవైపు నుంచి బాంబర్ల మీద విరుచుకుపడేది. శత్రువును కూల్చినవాడికి ఇంటి దగ్గర పత్రికల్లో ఫొటో పడుతుంది, బాంబర్‌ను వదలకుండా కాచినవాడికి ఏమీ రాదు. అలాంటి పనిలో డేవిస్ ఆజ్ఞ ఒక్కటే: బాంబర్లను విడిచి వేటకు పోవద్దు. ఇతర ముస్టాంగ్ గ్రూపులు వీరికంటే చాలా ఎక్కువ శత్రు విమానాలను కూల్చాయి. ఐదు విమానాలు కూల్చినవాడిని ఏస్ అంటారు కదా, ఈ గ్రూప్‌లో ఒక్క ఏస్ కూడా లేడు. నాలుగేసి దగ్గర ఆగినవారు ముగ్గురున్నారు. ఇలా ఎవరి పేరూ పెద్దగా మోగకపోవడంలో డేవిస్ క్రమశిక్షణ పాలు ఉందని మేమనుకుంటున్నాం.

ఇక ఆ 27 సంగతి. దీన్ని వెలికితీసింది ఎవరో ద్వేషి కాదు. అమెరికా వైమానిక దళ చరిత్ర పరిశోధన సంస్థలో పనిచేసిన డేనియల్ హాల్మన్, టస్కీగీ పైలట్ల సంఘం చరిత్రకారుడు విలియం హోల్టన్ 2006లో పాత రికార్డులు చూసి ఆ కథ నిలబడదని చెప్పారు. హాల్మన్ ఆ తర్వాత ఒక్కో దండయాత్ర కాగితాలను, కూలిన ఒక్కో బాంబర్ నివేదికను పక్కపక్కన పెట్టి 27 అని తేల్చాడు. ఏడు రోజుల్లో జరిగిన నష్టమది. అందులో 15 ఒక్కరోజువే. 1944 జులై 18న దక్షిణ జర్మనీలోని మెమ్మింగెన్ విమానాశ్రయం మీద దాడి జరిగింది. ఆరోజు చితికిపోయిన 483వ బాంబర్ గ్రూప్‌కు తర్వాత ఇచ్చిన ప్రశంసాపత్రం, అది ఫైటర్ల తోడు లేకుండానే లక్ష్యం దగ్గర పోరాడిందని చెబుతుంది. ఆ పరిసరాల్లోనే ఎర్రతోకలు పదికి పైగా జర్మన్ విమానాలను కూల్చాయి. మరి ఆ బాంబర్ల నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? నిజాయితీగా చరిత్ర చదివేవారికి ఇలాంటి చిక్కు ప్రశ్నలు ఎదురవుతాయి. కట్టుకథ వాటిని దగ్గరికే రానివ్వదు.

అసలు తమాషా ఏమిటంటే డేవిస్‌కు వచ్చిన పతకం కాగితంలోనే నిజం ఉంది. 1944 జూన్ 9న మ్యూనిక్ దండయాత్రకు ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు. శత్రు ఫైటర్లు పెద్దసంఖ్యలో వచ్చినా బాంబర్లకు కొద్దిపాటి నష్టమే జరిగేలా తన స్క్వాడ్రన్లను నడిపాడని అందులో మెచ్చుకున్నారు. కొద్దిపాటి నష్టం అన్నారు, అసలు నష్టమే లేదనలేదు. ఆరోజు రెండు బాంబర్లు పోయాయి.

తర్వాత తొమ్మిది నెలలకు, 1945 మార్చి 24న, షికాగో డిఫెండర్ అనే నల్లజాతి పత్రిక ఈ గ్రూప్ ఒక్క బాంబర్‌నూ పోగొట్టుకోకుండా 200వ దండయాత్ర పూర్తిచేసిందని గర్వంగా ప్రకటించింది. సరిగ్గా అదే రోజు డేవిస్ పైలట్లు బెర్లిన్ వెళ్లారు. రానూపోనూ 1,600 మైళ్లు, వారు భాగమైన, ఇటలీలోని పదిహేనో వైమానిక దళానికి అంత దూరం ఎప్పుడూ పడలేదు. లక్ష్యం డైమ్లర్-బెంజ్ ట్యాంకుల కర్మాగారం. జర్మన్లు మెసర్‌స్మిట్ 262 జెట్లతో ఎదురొచ్చారు. ప్రొపెల్లర్ విమానాలతో వెళ్లిన చార్లెస్ బ్రాంట్లీ, ఎర్ల్ లేన్, రాస్కో బ్రౌన్ తలా ఒక జెట్‌ను కూల్చారు. గ్రూప్‌కు విశిష్ట పురస్కారం దక్కింది. అదే దండయాత్రలో కాపలాలోని బాంబర్లు మూడు నేలకూలాయి. పత్రిక అబద్ధమాడిందని మేమనం. చుట్టూ అంత విషం చిమ్ముతుంటే తమ బిడ్డల గురించి నాలుగు మంచి మాటలు దొరికితే ఏ పత్రికైనా పతాక శీర్షికే పెడుతుంది.

అయితే ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ శీర్షికనే పట్టుకు వేలాడడం ఎందుకు? పదిహేనో వైమానిక దళంలోని ఇతర ఫైటర్ గ్రూపుల కాపలాలో పోయిన బాంబర్ల సగటు 46. వీరివి 27. అంటే వీరి పనితనం తెల్ల గ్రూపుల సగటు కంటే మెరుగే. 46 పోగొట్టుకున్నవారిని తెల్లవాళ్లు విమానం నడపడానికి తగినవారేనా అని ఎవరూ ప్రశ్నించలేదు, ఏ కమిటీ ముందూ కూర్చోబెట్టలేదు. నల్లవాళ్లు మాత్రం సున్నా చూపిస్తేనే మనుషుల కింద లెక్క! 1925 నివేదిక పెట్టిన పరీక్షను మనం ఇంకా ఒప్పుకుంటున్నామన్నమాట. మన దగ్గర మెరిట్ మీద జరిగే వాదనల్లోనూ ఈ రెండు తూనికల పద్ధతి వినిపిస్తూనే ఉంటుంది. ఒకడికి పాస్ మార్కులు చాలు, ఇంకొకడికి నూటికి నూరు రావాలి.

ఇంకో అన్యాయం కూడా ఉంది. ఒక్కో భారీ బాంబర్‌లో పదిమంది దాకా సిబ్బంది ఉంటారు. 27 విమానాలంటే రెండు వందలకు పైగా కుర్రాళ్లు. కొందరు పారాషూట్‌తో దూకి బతికి బందీలయ్యారు, ఎంతోమంది చనిపోయారు. ఒక్క బాంబరూ పోలేదని చెప్పిన ప్రతిసారీ వారు అసలు ఎగరనేలేదన్నట్టు అవుతుంది.

కట్టుకథ అక్కర్లేనంత నిజం ఈ పైలట్ల జీవితాల్లో ఉంది. అలెగ్జాండర్ జెఫర్సన్ 1944 ఆగస్టు 12న దక్షిణ ఫ్రాన్స్‌లోని టూలాన్ దగ్గర రాడార్ కేంద్రం మీద దాడి చేస్తూ కూలి జర్మన్లకు చిక్కాడు. విచారణ చేసిన జర్మన్ అధికారి ముందు 332వ గ్రూప్ మీద ఒక పుస్తకమే ఉంది, అందులో ఆయన టస్కీగీ క్లాసు ఫొటో ఉంది. యుద్ధఖైదీల శిబిరంలో ఆయనను అమెరికన్ అధికారిగానే చూశారు. తెల్ల అధికారులతో ఒకే గదిలో ఉన్నాడు, దొరికిన కాగితాల మీద శిబిరం బొమ్మలు గీసుకున్నాడు. యుద్ధం ముగిసి న్యూయార్క్ రేవులో ఓడ దిగుతుంటే కింద నిలబడ్డ అమెరికన్ సైనికుడు తెల్లవాళ్లను ఒక పక్కకి, నల్లవాళ్లను ఇంకో పక్కకి పొమ్మన్నాడు. ఈ సంగతి జెఫర్సన్ నూరేళ్ల వయసు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

వీరి తోటివారు ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డ్‌లో 1945 ఏప్రిల్‌లో తెల్ల అధికారుల క్లబ్బులోకి అడుగుపెట్టినందుకు అరెస్టయ్యారు. ఈ వేర్పాటు నియమం చదివి అర్థం చేసుకున్నామని సంతకం పెట్టమంటే 101 మంది పెట్టలేదు. బెర్లిన్ మీద జెట్లు కూలి అప్పటికి నెల కూడా కాలేదు. సైన్యంలో జాతి వివక్ష అంతం కావాలని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జులై 26న.

హారీ స్టీవర్ట్ 1945 ఏప్రిల్ 1న ఒకేరోజు మూడు జర్మన్ ఫైటర్లను కూల్చాడు. 1949లో లాస్ వేగస్‌లో జరిగిన వైమానిక దళ గురి పోటీల్లో ఆయన ఉన్న 332వ గ్రూప్ జట్టు ప్రొపెల్లర్ విభాగంలో గెలిచింది. కానీ ఏటా వచ్చే వైమానిక దళ వివరాల పుస్తకంలో (ఆల్మనాక్) ఆ ఏడాది విజేత ఎవరో తెలియదనే 1995 దాకా అచ్చయింది. ట్రోఫీ ఏళ్ల తరబడి మ్యూజియం గోదాములో ఉండిపోయింది. యుద్ధం తర్వాత పౌర విమానయాన సంస్థల్లో ఉద్యోగం అడిగితే ఆయన రంగు చూసి వద్దన్నారు. ఇంజనీరింగ్ చదువుకుని వేరే దారి చూసుకున్నాడు. లాక్‌లాండ్‌లో పాఠం పోయి తిరిగొచ్చిన కొద్దిరోజులకే, 2025 ఫిబ్రవరి 2న, నూరేళ్ల వయసులో కన్నుమూశాడు.

తిరిగొచ్చిన ఆ పాఠం అలాగే ఉంటే సరిపోదు. దానికి 1925 నివేదికను, మోమయర్ కాగితాన్ని, డేవిస్ పతకంతో వచ్చిన ప్రశంసాపత్రాన్ని జోడించాలి. హాల్మన్ పట్టికను తేదీలతో సహా తరగతి గదిలో చూపించాలి. ఆ పక్కనే మిగతా గ్రూపుల సగటు 46 కూడా రాయాలి. విద్యార్థులు ప్రశ్నలేస్తే జవాబు చెప్పడానికి బోధకుడి దగ్గర అప్పుడు కావలసినన్ని ఆధారాలుంటాయి. రేపు ఇంకో ఉత్తర్వు వచ్చి ఇదంతా ప్రచారమని కొట్టిపారేయబోతే, వైమానిక దళం తన సొంత రికార్డులనే కొట్టిపారేయాల్సి వస్తుంది.