ఏఎన్ఏ పాజిటివ్ అంటే లూపస్ అని ఎవరు చెప్పారండీ?

నెల రోజులుగా మా విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "కీళ్ల నొప్పులా? వెంటనే ఏఎన్ఏ టెస్ట్ చేయించండి. పాజిటివ్ అయితే లూపస్, నెగెటివ్ అయితే ఒంట్లో ఏ వాతమూ లేనట్టే. జబ్బుకు తొమ్మిదేళ్ల ముందే రక్తం చెప్పేస్తుంది. మూడు నెలలకోసారి చేయిస్తూ నంబర్ తగ్గించుకోండి" అని. కింద పది మందికి పంపమని దండాల బొమ్మలు. లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే తిరగబడి కీళ్లు, చర్మం, కిడ్నీల మీద పడే జబ్బు; ఏఎన్ఏ అంటే అలాంటి యాంటీబాడీల కోసం చేసే రక్త పరీక్ష. ల్యాబ్‌లో రక్తం తీసే పని నాది. ఈ మెసేజ్ ఫోన్లో చూపించి "ఇది చెయ్యండి" అనేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే రాస్తున్నా.

ముందు పాజిటివ్ సంగతి. చీపురుపల్లిలో మా మేనత్తకు అరవై దాటాయి, మోకాళ్లు నొప్పి. మెసేజ్ చూసి ఎవరికీ చెప్పకుండా టెస్ట్ చేయించేసుకుంది. రిపోర్టులో "1:80, స్పెకిల్డ్" అని వచ్చింది. "నాకు లూపసటరా, ఎనభై శాతం ఉందట, ఏటి చేస్తాం మరి" అని ఫోన్లో ఏడుపు. వంకాయ, టమాటా కూడా మానేసింది, వాటికీ దీనికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ 80 శాతం కాదు. మజ్జిగలో నీళ్లు పోస్తూ పోయినట్టు, రక్తంలోంచి తీసిన సీరమ్‌ని పలచన చేస్తూ పోతారు. ఆ సీరమ్‌ని హెప్-2 అనే కణాలున్న గాజు పలక మీద వేసి, మెరిసే రంగు కలిపి, చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద చూస్తారు. కణాల కేంద్రకానికి అంటుకునే యాంటీబాడీలు ఉంటే అక్కడ ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎంత పలచన చేసేదాకా ఆ వెలుగు కనిపించిందో అదే ఆ నంబర్. చుక్కలు చుక్కలుగా వెలిగితే దాన్నే స్పెకిల్డ్ అంటారు. 1:80 అంటే కొంచెం నీళ్లకే మాయమైపోయిందని, 1:640 అంటే బాగా పలచన చేసినా ఇంకా వెలుగుతోందని.

ఇక ఏ జబ్బూ లేనివాళ్ల సంగతి చూడండి. 1997లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే 1:40 దగ్గర సుమారు 32 శాతం, 1:80 దగ్గర 13 శాతం, 1:160 దగ్గర 5 శాతం పాజిటివ్ వచ్చారు. అంటే మన గంటస్తంభం దగ్గర నిలబడి దారినపోయే వెయ్యి మందికి చేస్తే, నూట ముప్పై మందికి 1:80 రావచ్చు, అందులో లూపస్ ఉన్నవాళ్లు ఒక్కరు దొరికితే గొప్ప. థైరాయిడ్ జబ్బులున్నా వస్తుంది, వయసు మీద పడ్డా వస్తుంది, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ లాంటి మందులకూ వస్తుంది. 2019లో యూరప్, అమెరికా కీళ్ల వైద్య సంఘాలు కలిసి లూపస్‌కి పెట్టిన ప్రమాణాల్లో ఏఎన్ఏ గుమ్మం మాత్రమే, దానికి ఒక్క పాయింటు కూడా లేదు. లోపలికి వెళ్లాక దద్దుర్లు, కీళ్ల వాపు, కిడ్నీ, రక్తకణాలు, మిగతా యాంటీబాడీలు అన్నీ చూసి 10 పాయింట్లు రావాలి. అత్తకు చివరికి తేలింది మోకాళ్ల అరుగుదల, ఎప్పటినుంచో ఉన్న థైరాయిడ్.

నెగెటివ్ అయితే నిశ్చింత అన్నది నా దృష్టిలో ఇంకా ప్రమాదం. నెల్లిమర్ల నుంచి ఒకావిడ వచ్చేది. పొద్దున్న లేస్తే రెండు గంటలు వేళ్లు వంగవు, చీర కుచ్చిళ్లు కూడా పెట్టుకోలేదు. ఏఎన్ఏ నెగెటివ్, రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ టెస్టూ నెగెటివ్. ఇంట్లోవాళ్లు "నీకేం లేదు, రిపోర్టే చెప్పింది" అనేశారు. విశాఖలో కీళ్ల డాక్టరు ఆవిడ వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ నొక్కి, వాపు చూసి రుమటాయిడ్ అన్నారు. ఆ జబ్బున్నవాళ్లలో నూటికి ఇరవై ముప్పై మందికి రక్తంలో ఆ జబ్బు యాంటీబాడీలేవీ దొరకవు మరి! కండరాలను తినే మయోసైటిస్‌లో వచ్చే జో-1 యాంటీబాడీ కేంద్రకంలో కాక దాని చుట్టూ వెలుగుతుంది కాబట్టి, అదున్నా ఏఎన్ఏ నెగెటివ్ అని రాసి వచ్చేయొచ్చు.

తొమ్మిదేళ్ల ముందే అన్నది గాల్లోంచి పుట్టలేదు, అందుకే జనం నమ్ముతున్నారు. అమెరికా సైన్యం దాచి ఉంచిన పాత రక్తాన్ని పరీక్షించి 2003లో రాశారు: లూపస్ వచ్చిన 130 మందిలో 115 మందికి, జబ్బు తేలకముందే ఏదో ఒక యాంటీబాడీ ఉంది, కొందరికి తొమ్మిదేళ్ల ముందు నుంచే. కానీ వాళ్లంతా తర్వాత జబ్బు వచ్చినవాళ్లు, అక్కణ్ణుంచి వెనక్కి చూశారు. పాజిటివ్ వచ్చినవాళ్లను పట్టుకుని ముందుకు చూస్తే ఎక్కువమందికి ఏమీ రాదు. పైన చెప్పిన ఆ నూట ముప్పై మందీ వాళ్లే.

మూడు నెలలకోసారి చేయించడం డబ్బు దండగ. ఏఎన్ఏ నంబర్ జబ్బుతో పాటు ఎక్కదు, దిగదు. లూపస్ ఖాయమైనవాళ్లకు డాక్టర్లు మళ్లీ మళ్లీ చూసేది డీఎన్‌ఏకి అంటుకునే డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీ, రక్తంలో సీ3, సీ4 అనే ప్రోటీన్లు, మూత్రంలో ప్రోటీన్. ఆర్ఏ ఫ్యాక్టర్ గురించి ఒక్క మాట చాలు: హెపటైటిస్ సీ ఉన్నా, ఏమీ లేని ముసలివాళ్లకైనా అది పాజిటివ్ రావచ్చు, రుమటాయిడ్‌కే చేసే సీసీపీ అనే ఇంకో యాంటీబాడీ టెస్టు దానికంటే నమ్మకం.

అలాగని ఈ టెస్టులు వేస్టని నేననట్లేదు, అడిగే చోట అడిగితే ప్రాణం నిలబెడతాయి. చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడి, నీలమై, మళ్లీ ఎర్రబడేవాళ్లకు చర్మం గట్టిపడే స్క్లీరోడెర్మా అనుమానం ఉంటే, సెంట్రోమియర్, ఎస్‌సీఎల్-70 అనే యాంటీబాడీలు చూస్తే అది ఏ రకమో తెలుస్తుంది. తల్లికి రో (Ro) అనే యాంటీబాడీ ఉంటే, ఆమెకు ఏ బాధా లేకపోయినా, కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం మందగించే ప్రమాదం నూటికి ఒకటి రెండు. అది ముందే తెలిస్తే స్కానింగ్‌లో కనిపెట్టుకుని ఉంటారు.

కాబట్టి కీళ్లు వాచి, పొద్దున్న గంటకు పైగా బిగుసుకుని, ఎండకు ముఖం మీద మచ్చలొస్తూ, నోట్లో పుళ్లు పడుతుంటే ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఏ టెస్టు కావాలో ఆయన రాస్తారు. లూపస్ అనుమానం అన్నప్పుడు మాత్రం మామూలు యూరిన్ టెస్టు రాశారో లేదో మీరే అడగండి. లూపస్ కిడ్నీ మీద పడితే మొదట్లో నొప్పి ఉండదు, మూత్రంలో ప్రోటీన్ పోతుందంతే.