కోరస్‌ను కత్తిరిస్తే గ్రీకు ట్రాజెడీలో ఏం మిగులుతుంది?

రాజభవనం లోపలి నుంచి ఆర్గోస్ రాజు అగమెమ్నాన్ కేక వినిపిస్తుంది. దెబ్బ తగిలిందని ఒకసారి, ఇంకో దెబ్బ పడిందని మరోసారి. బయట ఆ ఊరి పెద్దలు 12 మంది నిలబడి ఉన్నారు. వాళ్లే కోరస్, అంటే నాటకంలో కలిసి ఆడిపాడే బృందం. అంతవరకూ ఒక్క గొంతుతో పాడినవాళ్లు అక్కడ విడిపోతారు. జనాన్ని పిలుద్దామని ఒకరు, ఇప్పుడే లోపలికి దూరదామని ఒకరు, ఏం జరిగిందో తెలియకుండా తొందరపడొద్దని ఇంకొకరు. తలా రెండు పాదాలు పలికేసరికి తలుపులు తెరుచుకుంటాయి. శవాల పక్కన, ఆ హత్య చేసిన రాణి క్లైటెమ్నెస్ట్రా నిలబడి ఉంటుంది.

క్రీ.పూ. 458 నాటి ఈస్కిలస్ ‘అగమెమ్నాన్’ నాటకంలోని ఈ ఘట్టాన్ని ఇప్పుడు వేసేవాళ్లలో కొందరు కుదించేస్తారు. జనం నవ్వుతారేమోనని టెన్షన్. కోరస్‌ను ముగ్గురికో ఒక్కరికో తగ్గించి, పాటలు రికార్డు వేసి వినిపించడమూ ఉంది. అలా చేస్తే మిగిలేది రాజుల ఇంటి గొడవే. హత్య జరుగుతుంటే ఊరు ఎలా చేతులు కట్టుకు నిలబడుతుందన్నది పోతుంది. ఈ కాలపు ప్రేక్షకుడికి నేరుగా తగిలేది అదే.

ఏథెన్స్‌లో కోరస్‌గా ఆడిపాడింది మామూలు పౌరులు. ఖర్చు ఒక సంపన్నుడు పెట్టుకోవాలి. క్రీ.పూ. 472లో ‘పర్షియన్లు’ నాటకానికి ఆ భారం మోసింది యువకుడైన పెరిక్లీస్. మన బుర్రకథలో వంతలు కథకుణ్ణి ప్రశ్నిస్తూ, నవ్విస్తూ కథ నడిపిస్తారు గానీ కథలోని ఆపద వాళ్లను తాకదు. కోరస్ అలా కాదు. రాజు చేసిన తప్పుకు ఊరు పడే బాధ వాళ్లే పడతారు.

యూరిపిడీస్ ‘ట్రాయ్ స్త్రీలు’ చూడండి. యుద్ధంలో ఓడిన ట్రాయ్ నగరపు బందీ స్త్రీలే అందులో కోరస్. మెలోస్ ద్వీపాన్ని ఏథెన్స్ లొంగదీసుకుని, మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మి అప్పటికి కొన్ని నెలలే. క్రీ.పూ. 415లో అదే ఏథెన్స్ మగవాళ్లు మాస్కులు పెట్టుకుని, ఏ యజమాని వాటాకు పోతామో తెలియని బందీ స్త్రీలై తమ ఊరివాళ్ల ముందు విలపించారు. కవి మెలోస్‌ను తలచుకునే రాశాడా అన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు. చూసినవాళ్లకు మాత్రం మెలోస్ గుర్తు రాకుండా ఉండదనే నేను నమ్ముతాను.

2013లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సిరియా శరణార్థి మహిళలు ఇదే నాటకాన్ని అరబ్బీలో వేశారు. వాళ్లెవరూ వృత్తి నటులు కారు. యూరిపిడీస్ మాటల మధ్యలో తాము ఇళ్లు వదిలి వచ్చిన సంగతులు చెప్పుకున్నారు. అక్కడ ఆ బృందమే నాటకం. పాతకాలపు దుస్తులూ స్తంభాలూ అచ్చంగా దించిన ప్రదర్శన కన్నా అదే యూరిపిడీస్‌కు దగ్గర అంటాను.

ఖర్చు పెద్ద అడ్డంకే. 15 మందికి జీతాలు, నెలల తరబడి సాధన తేలిక కాదు. గ్రీకులూ పొదుపు చేశారు, కాకపోతే వేరేచోట. మాట్లాడే పాత్రలన్నీ ముగ్గురు నటులే మాస్కులు మార్చుకుంటూ వేసేవారు. 12 మంది ఉన్న కోరస్‌ను మాత్రం సోఫోక్లీస్ 15కు పెంచాడని చెబుతారు. ఇప్పటి నిర్మాతలు కూడా కోత పెట్టాలంటే సెట్టింగుల్లో, పేరున్న నటుల పారితోషికంలో పెట్టొచ్చు.