బ్రిటిష్‌వాళ్లు రాకముందు మనకు పాలనే లేదా?

గ్రూప్స్‌కు చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. బ్రిటిష్‌వాళ్లు వచ్చేదాకా ఈ దేశంలో పాలన అంటూ ఏదీ లేదట. రాజు నోటికొచ్చిందే చట్టమట, రాతకోతలు లేవట. హైదరాబాద్‌ అశోక్‌నగర్‌లో గది తీసుకుని చదువుతూ దీన్ని ఫార్వర్డ్ చేయడం ఇంకో వింత.

ఇలాంటప్పుడు అందరూ కౌటిల్యుడి అర్థశాస్త్రం తీస్తారు. నేను తీయను. అది ఎలా పాలించాలో చెప్పే గ్రంథం, అలాగే పాలించారనడానికి సాక్ష్యం కాదు. శాసనాలు చాలు.

రాజు మాటే చట్టం అన్నది చూద్దాం. తాను నోటితో ఇచ్చిన ఆజ్ఞ మీద పరిషత్తులో, అంటే మంత్రుల మండలిలో, వివాదం వస్తే వెంటనే తనకు చెప్పాలని అశోకుడి 6వ శిలాశాసనంలో ఉంది. అంటే రాజాజ్ఞ మీద కూడా చర్చ నడిచేది. ఆఖరి మాట ఆయనదే, కాదనను. 3వ శాసనంలో యుక్తులు, రాజుకులు, ప్రాదేశికులు అనే అధికారులు ఐదేళ్లకోసారి పర్యటించాలని ఉంది. వీటిని చూడ్డానికి పాట్నా దాకా పోనక్కర్లేదు, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉన్నాయి.

రాతకోతలు లేవనడం మరీ అన్యాయం. నాసిక్ గుహలో గౌతమీపుత్ర శాతకర్ణి 18వ పాలనా సంవత్సరపు శాసనం ఉంది. నాసిక్ దగ్గరి గోవర్ధనంలోని అమాత్యుడు, అంటే రాజోద్యోగి, విష్ణుపాలితుడికి వచ్చిన ఉత్తర్వు అది. బౌద్ధ భిక్షువులకు 200 నివర్తనాల (నివర్తనం అంటే అప్పటి భూమి కొలత) పొలం ఇచ్చారు. ఆజ్ఞ నోటిమాటగా వెలువడితే శివగుప్తుడనే అమాత్యుడు దాన్ని రాశాడు. 24వ ఏట మరో ఉత్తర్వు, ఈసారి శ్యామకుడనే అమాత్యుడికి. కఖడి గ్రామంలో ముందిచ్చిన పొలం సాగులో లేదు, ఊళ్లో జనం లేరు, కాబట్టి నగరం పొలిమేరలోని రాజభూమిలో 100 నివర్తనాలు ఇవ్వండని. కాగితం మీద భూమి, చేతిలో సున్నా అన్న బాధ అప్పుడూ ఉందన్నమాట! కానీ ఆ సంగతి పైదాకా వెళ్లింది, మార్పు ఉత్తర్వు కూడా వచ్చింది.

దీనికి పూర్తి ఎదురు ఫార్వర్డ్ ఒకటుంది: ప్రాచీన భారతంలో అందరికీ ఓటు ఉండేదని. అదీ తప్పే. దానికి చూపించే తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనం క్రీ.శ. 921 నాటిది. అందులో ఉన్నది బ్రాహ్మణ గ్రామ సభ గురించి. ఓటు కాదు, పేర్ల చీటీలు కుండలో వేసి తీసి సభ్యులను ఎంచుకునేవాళ్లు. పేరు కుండలో వేయాలంటే సొంత భూమి, సొంత ఇల్లు, 35 నుంచి 70 ఏళ్ల లోపు వయసు ఉండాలి. ముందు పదవిలో ఉండి లెక్కలు అప్పగించనివాళ్ల పేర్లే కాదు, వాళ్ల దగ్గరి బంధువుల పేర్లు కూడా కుండలో పడేవి కావు.