మామ్మ నోట్లోకి టార్చి వేసి చూసేవాళ్ళు ఉండుంటే

మా మామ్మ సాయంత్రం అరుగు మీద కూచుని చుట్ట వెలిగించి, రెండు దమ్ములు లాగి, నిప్పున్న వైపుని నోట్లోకి తిప్పేసేది. అడ్డపొగ. మన శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, మందస వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, నిప్పు నోటి లోపల ఉంటుంది, మధ్యమధ్యలో నాలిక మీద చేరిన బూడిద ఉమ్మేస్తారు, అలా చుట్ట నోట్లో ఉండగానే మామ్మ బియ్యంలో రాళ్ళు ఏరేది, మాకు కబుర్లు చెప్పేది. ఒకరోజు ఆవలిస్తుంటే చూశాను, అంగిలి అంతా తెల్లగా, నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా, మధ్యలో ఎర్ర చుక్కలు. నాకప్పుడు పదేళ్ళు. "మండదా మామ్మా" అంటే "నాకేటీ నేదురా బాబూ, అలవాటైపోనాది" అంది.

పెద్దయ్యాక తెలిసి కడుపు రగిలిపోయిన సంగతేంటంటే, ఆ తెల్లమచ్చలు క్యాన్సర్‌గా మారొచ్చని నేను పుట్టకముందే డాక్టర్లకి తెలుసు. 1971లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో మన జిల్లా మీద పేపర్ వచ్చింది, ఇంటింటికీ తిరిగి 10,169 మందిని నోరు తెరిపించి చూశారు, నూటికి దాదాపు 44 మంది అడ్డపొగ తాగేవాళ్ళే. ఆ తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు మన ఊళ్ళలో మాన్పించే పని కూడా చేశారు, మానేసినవాళ్ళకి మచ్చలు తగ్గడం కళ్ళారా చూశారు. అంటే ఏం చెయ్యాలో తెలుసు, చేస్తే పనవుతుందని కూడా తెలుసు, కానీ మా ఇంటి అరుగు దాకా ఎవరూ రాలేదు.

2011లో మామ్మకి అంగిలికి చిల్లు పడి నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేదాకా మేమూ పట్టించుకోలేదు. అప్పుడు విశాఖపట్నం పరుగు. ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం జరిగింది, ఆ మేలు నేను మర్చిపోను, 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి, ఎన్ని ఇళ్ళని అప్పుల్లోంచి కాపాడిందో మన ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్తారు. కానీ ఆ డబ్బు జబ్బు ముదిరాక వస్తుంది. ముదరకముందు చూడ్డానికి కావల్సింది ఒక టార్చి, ఒక చిన్న అద్దం, చూడ్డం వచ్చిన మనిషి, రెండు నిమిషాలు. తిరువనంతపురంలో ఏళ్ళ తరబడి ఇదే చేసి 2005లో లాన్సెట్‌లో రాశారు, పొగాకు, మందు అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి.

పోనీ కార్యక్రమం లేదా అంటే ఉంది. 30 దాటినవాళ్ళందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు క్యాన్సర్లకి పరీక్ష చెయ్యాలని 2016లోనే కేంద్రం గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40. 2024 చివర్లో మన రాష్ట్రంలో ఇంటింటి సర్వే కూడా మొదలైంది. మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నా. కానీ మా పిన్ని అనుభవం చెప్తా వినండి. ఆవిడా అడ్డపొగే. ఇంటికొచ్చిన అమ్మాయి చుట్ట తాగుతారా అని అడిగి ఫోన్లో కొట్టుకుంది, నోట్లోకి చూళ్ళేదు, తన దగ్గర టార్చి లేదు. పాపం ఆ అమ్మాయిని ఏమనగలం, టీకాల దగ్గర్నుంచి గర్భిణుల దాకా ఊరి పని మొత్తం తన నెత్తినే. తర్వాత ఇంకెవరో చూసి మచ్చ ఉంది, ముక్క తీసి టెస్ట్ చెయ్యాలి, విశాఖ వెళ్ళమన్నారు. రైల్లో నాలుగు గంటలు, తోడు ఒక మనిషి, ఇద్దరికీ కూలి పోతుంది, అక్కడ ఎవర్ని అడగాలో తెలీదు. పిన్ని వెళ్ళలేదు. నన్నడిగితే నివారణ ఆగిపోయేది ఇక్కడే, డబ్బు పెట్టాల్సిందీ ఇక్కడే.

నేనుండే టెక్సాస్ సంగతి చూడండి. 2007లో ఇక్కడి జనం ఓటేసి క్యాన్సర్ కోసం 300 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు, 2019లో మళ్ళీ అంతే. అందులో పదో వంతు దాకా నివారణకి ఇవ్వొచ్చని చట్టంలోనే రాసుకున్నారు, ఆ డబ్బుతో పరీక్షలతో పాటు, పేషంట్ వెంట ఉండి అపాయింట్‌మెంట్ దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా నడిపించే మనుషులకి జీతాలిస్తున్నారు. పదో వంతు తక్కువే అంటాను నేను, కానీ కనీసం విడిగా ఒక పద్దు ఉంది, ఎవరికెంత ఇచ్చారో మనలాంటివాళ్ళు చూసుకోవచ్చు.

మన రాష్ట్రం చెయ్యలేదా? ఉద్దానం కిడ్నీ బాధ మీద అన్నేళ్ళు అందరూ గట్టిగా అడిగాకే కదా 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. అడ్డపొగ మీద అడిగినవాళ్ళు లేరు, ఎందుకంటే తాగేది ముసలాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, వాళ్ళే "నాకేటీ నేదు" అంటారు.

అందుకే ఇక్కడి మన తెలుగు సంఘం పెద్దలకి చేతులెత్తి అడుగుతున్నా. ప్రతి డిసెంబర్‌లో మన ఊళ్ళకొచ్చి ఒక్కరోజు నోటి పరీక్షల క్యాంపు పెడుతున్నాం, మచ్చ కనపడినవాళ్ళకి చీటీ రాసిచ్చి విమానం ఎక్కేస్తున్నాం, నేనూ అలా ఎక్కినవాడినే. ఈ ఏడు ఆ క్యాంపు ఖర్చుతో ఒక మండలంలో ఇద్దరు మనుషులకి ఏడాది జీతం ఇద్దాం, చీటీ ఉన్న ప్రతి మనిషినీ ముక్క పరీక్ష దాకా, రిపోర్టు దాకా తీసుకెళ్ళడమే వాళ్ళ పని. ఎంతమంది వెళ్ళారో ఆ లెక్క పట్టుకుని ప్రభుత్వం దగ్గరికెళ్ళి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రతి మండలానికీ ఇలాంటి పోస్టులు, దారి ఖర్చులు, పోయిన కూలి బడ్జెట్లో విడిగా చూపించమని అడుగుదాం. జనరల్ బాడీలో ఈ తీర్మానం నేనే పెడతా, బలపరిచేవాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి.

పిన్నిని జనవరిలో నేనే తీసుకెళ్తున్నా, టికెట్లు తీసేశా. మొన్న ఫోన్లో "పక్కింటప్ప కూడా వస్తాదట, ఆవిడకీ నోట్లో తెల్లగుంది, తీసికెల్తావేటి" అంది. మూడో టికెట్ కూడా తీశా.