సవరణ: హమ్ పోయింది కొత్త వైరు వల్ల కాదు

ఆంప్లిఫయర్ కోసం ఇంటి కరెంటు మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించాక స్పీకర్లలో హమ్ (ఆగకుండా వచ్చే గుయ్‌మనే రొద) పోయిందని కిందటి నెల రాశాను. పోయిన మాట నిజమే. కారణం తప్పు రాశాను.

ఆ రోజు పనికి అడ్డమని, ఆంప్లిఫయర్‌కి కలిపి ఉన్న సెట్‌టాప్ బాక్సు కేబుల్ కూడా పీకేశాం. మొన్న ఆదివారం మళ్ళీ తగిలిస్తే కొత్త వైరు మీదే పాత హమ్ తిరిగొచ్చింది! కేబుల్ లోపలి లోహపు తొడుగు బయటెక్కడో ఎర్త్ అవుతుంది, ఆంప్లిఫయర్ ఇంట్లో అవుతుంది. ఆ రెంటి మధ్య తిరిగే కరెంటే ఈ 50 హెర్ట్జ్ రొద. కేబుల్‌కి ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి, ఎర్త్ కలయికని తెంచేది) పెట్టగానే ఆగిపోయింది.

వైరు లెక్క కూడా ఇప్పుడు వేశాను (ముందే వేయాల్సింది). పది మీటర్ల దూరానికి, 1 ఆంపియర్ దగ్గర, పాత 2.5 వైరుకీ దీనికీ తేడా సుమారు 0.06 వోల్టు. 230లో అదెంతని? "బేస్ బిగువెక్కింది" అన్న అప్పటి వాక్యం కొట్టేశాను. ఖర్చు పెట్టిన మోజులో రాసింది అది.

అసలు ముఖ్యమైనది ఇది. హమ్ పోకపోతే ఎర్త్ పిన్ను తీసి చూడమన్నాను. దయచేసి ఎవరూ చేయకండి. ఎర్త్ లేనప్పుడు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే ఆంప్లిఫయర్ బాడీకే కరెంటు వస్తుంది, ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ఆ పేరా మొత్తం తీసేశాను.